మేలూ కీడూ ఒకే మాత్రలో

భిలాయి సెక్టర్లు దాటి దక్షిణంగా వెళ్తే ఉతై వస్తుంది. భిలాయి ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించారు. ఆ రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఎన్నో కుటుంబాలు ఈ నేలకి వచ్చాయి. వాళ్ల పిల్లలూ మనవలూ ఇంట్లో తెలుగు, బజారులో ఛత్తీస్‌గఢీ, ఆస్పత్రిలో హిందీ మాట్లాడుతూ బతుకుతున్నారు. ఇలాంటి ఇంట్లో ఇరవై ఏళ్ల కుర్రాడికి ఎవరూ లేని గదిలో మాటలు వినబడడం మొదలైతే ముందు చిల్లంగి అనుకుంటారు. పొరుగువాళ్లు మంత్రాలేసే బైగా పేరు చెబుతారు. ఊళ్లో దిక్కులేని ముసలామె ఎవరి మీదో టోనహీ, అంటే మంత్రగత్తె, అన్న నింద పడే ప్రమాదమూ ఉంది. ఆ నింద వేయడాన్ని నేరంగా చూస్తూ ఛత్తీస్‌గఢ్ 2005లో ప్రత్యేక చట్టమే తేవలసి వచ్చింది. అదంతా అయ్యాక సెక్టర్ 9 ఆస్పత్రి, లేదా రాయపూర్ ఎయిమ్స్, లేదా బిలాస్‌పూర్ దగ్గర సేంద్రిలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. చుట్టాలు గట్టిగా పట్టుబడితే రైలెక్కి విశాఖ. ఎక్కడికి వెళ్లినా చీటీ మీద కనబడేవి దాదాపు ఆ మందులే: రిస్పెరిడోన్, ఓలాంజపిన్, హాలోపెరిడాల్, ఆరిపిప్రజోల్, క్వెటియాపిన్. వీటన్నిటినీ కలిపి యాంటీసైకోటిక్ మందులంటారు.

కొన్ని వారాలకి కుర్రాడు తేరుకుంటాడు. కొన్ని నెలలకి మాత్రలు ఆగిపోతాయి. ఏడాది తిరక్కుండానే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇంట్లోవాళ్ల నిర్లక్ష్యం అని ఆస్పత్రిలో అంటారు. మందు పడలేదు అని ఇంట్లో అంటారు. ఈ మందుల మీద డెబ్బై ఏళ్లుగా పోగైన శాస్త్రాన్ని ఒకచోట పెట్టి చూస్తే నాకు ఇంట్లోవాళ్ల మాటలోనే ఎక్కువ నిజం కనబడుతుంది. మందు మానేసినవాళ్లలో చాలామందికి ఒంట్లో ఒక కారణం ఉంది. ఆ కారణం ఏమిటో వాళ్లకి ముందుగా ఎవరూ చెప్పలేదు, తర్వాత ఎవరూ అడగలేదు.

ఈ మందుల చరిత్రలో మొదటి అడుగుల్లో ఒకటి మన అడవి మొక్క వేసింది. సర్పగంధ వేరుని బిహార్ పల్లెల్లో 'పాగల్ కీ దవా' అని అమ్మేవారు. 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ఆ వేరు ఉన్మాదానికీ రక్తపోటుకీ పనిచేస్తుందని వైద్య పత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా సంస్థ ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేసింది. రెండేళ్లకి న్యూయార్క్‌లో నేథన్ క్లైన్ దాన్ని మానసిక రోగులకిచ్చి ఫలితాలు ప్రకటించాడు. రిసర్పిన్ మందుగా ఎక్కువ కాలం నిలవలేదు గానీ శాస్త్రానికి పెద్ద దారి చూపింది. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకి రిసర్పిన్ ఇస్తే అవి కదలకుండా పడిపోయాయి. ఎల్-డోపా ఇస్తే లేచి తిరిగాయి. మెదడులో డోపమిన్ అనే రసాయనానికి సొంతంగా ఒక పని ఉందని 1957లో అలా తేలింది. కార్ల్‌సన్‌కి 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

రెండో దారి ఫ్రాన్స్‌లో మొదలైంది. 1950 డిసెంబరులో పాల్ షార్పాంటియే అనే రసాయన శాస్త్రవేత్త క్లోర్‌ప్రోమజిన్ తయారుచేశాడు. సర్జన్ ఆన్రీ లాబోరీ శస్త్రచికిత్సకి ముందు దాన్ని వాడి, రోగులు నిద్రపోకుండానే తమ చుట్టూ జరిగేదాన్ని పట్టించుకోనంత ప్రశాంతంగా ఉన్నారని గమనించాడు. 1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆస్పత్రిలో ఝాన్ దలే, పియర్ దెనికర్ దాన్ని ఉన్మాద రోగులకి ఇచ్చారు. లార్గాక్టిల్ అన్న పేరుతో అది ప్రపంచమంతా పాకింది. బెల్జియంలో పాల్ యాన్సెన్ బృందం 1958లో హాలోపెరిడాల్ తయారుచేసింది. అప్పటికి ఇవి ఎలా పనిచేస్తాయో ఎవరికీ తెలియదు. డోపమిన్ అందుకునే చోటుని ఇవి మూసేస్తాయన్న సూచన కార్ల్‌సన్ 1963లో చేశాడు. 1970ల మధ్యలో ఫిలిప్ సీమన్, సోలమన్ స్నైడర్ ప్రయోగశాలలు దాన్ని రుజువు చేశాయి. ఏ మందు డి2 అనే డోపమిన్ రిసెప్టర్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటే, అది అంత తక్కువ మోతాదులో పనిచేస్తోంది.

డోపమిన్‌ని మూసేస్తే వినబడే మాటలు ఎందుకు తగ్గాలి? దీనికి షితిజ్ కపూర్ 2003లో ఇచ్చిన వివరణ నాకు అన్నిటికంటే నచ్చినది. మన చుట్టూ జరిగే వెయ్యి విషయాల్లో ఏది పట్టించుకోవాలో, ఏది వదిలేయాలో మెదడుకి చెప్పడం డోపమిన్ చేసే పనుల్లో ఒకటి. జబ్బులో అది అదుపు తప్పి ఊరుతుంది. ఎదురింటి కుక్కర్ విజిల్, టీవీలో వార్తలు చదివే మనిషి చెయ్యి ఊపడం, బజారులో ఎవరో దగ్గడం, అన్నీ తన కోసమే జరుగుతున్నట్టు తోస్తాయి. అంత ముఖ్యంగా తోచినదానికి అర్థం వెతుక్కోకుండా ఏ మనిషీ ఉండలేడు. ఆ వెతుకులాటలో పుట్టిన కథనే మనం భ్రాంతి అంటున్నాం. మందు ఆ కథని చెరిపెయ్యదు. విషయాలకి వచ్చిపడిన ఆ అతి ప్రాముఖ్యాన్ని తగ్గిస్తుంది. కథ తర్వాత తనంతట తాను నెమ్మదిగా బలహీనపడుతుంది. అందుకే మత్తు మొదటి గంటలోనే వచ్చినా అసలు గుణం కనబడడానికి రోజులు, వారాలు పడతాయి. మన ఇళ్లలో వీటిని నిద్రమాత్రలంటారు. ఆ పేరుతో జరిగే నష్టం ఇంతా అంతా కాదు. నిద్ర పడుతోంది కదా అని మానేస్తారు, నిద్ర పట్టని రోజు రెండు వేస్తారు.

అసలు చిక్కు డోపమిన్ ఒక్క పని మీద లేకపోవడంలో ఉంది. ఆలోచనల ప్రాముఖ్యాన్ని నిర్ణయించే దారి ఒకటి. కాళ్లూ చేతుల కదలికని నడిపే దారి ఇంకొకటి. ఉత్సాహం, ఏకాగ్రత చూసే దారి వేరొకటి. పాలిచ్చే హార్మోన్ ప్రొలాక్టిన్‌ని అదుపులో పెట్టే దారి మరొకటి. మాత్ర నాలుగు దారుల్లోకీ వెళ్తుంది, ఏదో ఒకదాన్ని ఎంచుకోలేదు. 2000లో కపూర్ బృందం టొరంటోలో మొదటిసారి జబ్బు పడిన రోగులకి హాలోపెరిడాల్ ఇచ్చి మెదడు స్కాన్లు తీసింది. డి2 రిసెప్టర్లలో 65 శాతం మూసుకుంటే గుణం కనబడే అవకాశం పెరిగింది. 72 శాతం దాటితే ప్రొలాక్టిన్ పెరిగింది. 78 శాతం దాటితే ఒళ్లు బిగుసుకుపోవడం మొదలైంది. మేలుకీ కీడుకీ మధ్య ఉన్న చోటు అంత ఇరుకు. మోతాదు రెట్టింపు చేస్తే మేలు రెట్టింపు కాదని ఈ మూడు అంకెలు తేల్చేశాయి. రిస్పెరిడోన్, ఓలాంజపిన్ లాంటి కొత్త మందులు సెరటోనిన్ రిసెప్టర్‌ని కూడా పట్టుకుని ఆ ఇరుకుని కాస్త వెడల్పు చేశాయి. ఆరిపిప్రజోల్ డోపమిన్‌ని పూర్తిగా ఆపదు, కొంత పని జరగనిస్తుంది.

మేలు గురించి అనుమానం అక్కర్లేదు. 2012లో లాన్సెట్‌లో స్టెఫాన్ లాయిష్ట్ బృందం అప్పటిదాకా వచ్చిన పరీక్షలన్నిటినీ కలిపి లెక్కగట్టింది. మందు కొనసాగించినవాళ్లలో ఏడాదిలో జబ్బు తిరగబెట్టింది 27 శాతం మందికి. మందు తీసేసి ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 64 శాతం మందికి. ఇంత తేడా చూపించే మందులు వైద్యంలో ఎక్కువ లేవు. అయితే ఈ మందులు మాటలనీ అనుమానాలనీ తగ్గించినట్టుగా, పోయిన చొరవనీ, స్నేహాలనీ, పని చేయాలన్న కోరికనీ వెనక్కి తేలేవు. కొడుకు కేకలు మానేశాడు గానీ మంచం దిగడం లేదు అని తల్లి బాధపడితే, అందులో జబ్బు వాటా ఎంత, మందు వాటా ఎంత అన్నది విడదీసి చూడవలసిన వైద్యుడు చాలాసార్లు చూడడం లేదు.

ఇక కీడు.

మొదటి ఇంజెక్షన్ పడిన కొన్ని గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో కొందరికి మెడ ఒక పక్కకి మెలితిరిగిపోతుంది, కళ్లు పైకి తిరిగి నిలిచిపోతాయి, నాలుక మందమై మాట రాదు. వయసులో ఉన్న కుర్రాళ్లకి ఇది ఎక్కువ. చూసినవాళ్లకి దయ్యం పట్టిందనే అనిపిస్తుంది. ఆస్పత్రి వద్దని చెప్పి బైగా దగ్గరికి తిరిగి వెళ్లిపోవడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం ఏ కుటుంబానికీ అక్కర్లేదు. నిజానికి ఫెనర్గన్ ఇంజెక్షన్ ఒకటి ఇస్తే ఇది చూస్తుండగానే సర్దుకుంటుంది. వాంతులకి ఇచ్చే మెటోక్లోప్రమైడ్, స్టెమెటిల్ కూడా ఇదే డి2 రిసెప్టర్ మీద పనిచేస్తాయి కాబట్టి, మానసిక జబ్బు ఏమాత్రం లేని పిల్లలకీ ఇలా జరగవచ్చు. మొదటి రోజే "మెడ పట్టేస్తే భయపడకండి, వెంటనే తీసుకురండి" అన్న ఒక్క మాట ఎన్నో చికిత్సలని నిలబెడుతుంది.

దీనికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది అకథీసియా. కూర్చోలేడు, నిలబడలేడు, కాలుగాలిన పిల్లిలా గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతాడు. కాళ్లలో ఏదో పాకుతున్నట్టు, లోపల ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది. ఇంట్లోవాళ్లు దాన్ని జబ్బు ముదిరిందనుకుంటారు. డాక్టరుకి ఫోన్ చేసి అలాగే చెబుతారు. డాక్టరు మోతాదు పెంచుతాడు, తిరుగుడు ఇంకా పెరుగుతుంది. ఈ బాధ తట్టుకోలేక ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వచ్చినవాళ్లూ ఉన్నారు. మోతాదు తగ్గించడం, మందు మార్చడం, ప్రొప్రనొలాల్ లాంటి మాత్ర చేర్చడం దీనికి దారులు. కొత్త మందుల్లోనూ ఇది పోలేదు. ఆరిపిప్రజోల్‌తో బాగానే కనబడుతుంది. "కుదురుగా కూర్చోగలుగుతున్నావా బాబూ?" అని ప్రతిసారీ రోగినే అడగాలి. తోడు వచ్చిన నాన్ననో అన్ననో అడిగితే సరిపోదు, ఎందుకంటే ఇది లోపల జరిగే బాధ.

ఒళ్లు బిగుసుకుని, చేతులు వణికి, ముఖంలో భావం పోయే పార్కిన్సన్ లక్షణాల కోసం మన దేశంలో రిస్పెరిడోన్, ట్రైహెక్సిఫెనిడిల్ కలిపిన మాత్రలు విరివిగా అమ్ముడవుతున్నాయి. అవసరం వచ్చాక ఇవ్వవలసిన రెండో మందుని మొదటి రోజు నుంచే అందరికీ కలిపి ఇవ్వడం నాకు సరైన పద్ధతిగా కనిపించదు. నోరు ఎండడం, మలబద్ధకం, మరపు దాని సొంత కీడులు. రెండు కలిసి ఒకే మాత్రలో ఉంటే ఏది దేనివల్ల వచ్చిందో తేల్చడం కష్టం.

ఏళ్ల తరబడి వాడినవాళ్లలో కొందరికి పెదవులూ నాలుకా తమకి తెలియకుండా కదులుతూ ఉంటాయి. దీన్ని టార్డివ్ డిస్కైనీషియా అంటారు. పాత మందులతో పెద్దల్లో ఏడాదికి నూటికి ఐదుగురికి చొప్పున వస్తుందని లెక్క. కొత్త మందులతో తక్కువ, ముసలివాళ్లలో చాలా ఎక్కువ. మందు ఆపినా పోకపోవచ్చు. అయితే దీనిలో కూడా తప్పంతా మందుదే అనలేం. డాక్టర్ శారదా మీనన్ చెన్నైలో 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థకి చెందిన తార, పద్మావతి మొదలైనవాళ్లు స్కాట్లాండ్‌కి చెందిన మెక్‌క్రీడీతో కలిసి 1996లో ఒక అధ్యయనం ప్రచురించారు. జీవితంలో ఒక్క యాంటీసైకోటిక్ మాత్ర కూడా వేసుకోని స్కిజోఫ్రీనియా రోగుల్లోనూ ఇలాంటి కదలికలు వాళ్లకి కనబడ్డాయి. వైద్యం అందని రోగులు మన దగ్గర అంతమంది ఉండబట్టే ఆ సత్యం తెలిసింది. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఛత్తీస్‌గఢ్ ఉంది, రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. తీవ్ర మానసిక వ్యాధులున్నవాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి చికిత్స అందడం లేదని ఆ సర్వే తేల్చింది.

ప్రొలాక్టిన్ సంగతి మన ఇళ్లలో అసలు బయటికే రాదు. రిస్పెరిడోన్, హాలోపెరిడాల్, అమిసల్‌ప్రైడ్‌తో ఆడపిల్లకి నెలసరి ఆగిపోవచ్చు, రొమ్ముల్లో పాలు కారవచ్చు. పెళ్లి కాని పిల్లకి ఇలా జరిగితే ఆ ఇంట్లో ఎలాంటి అనుమానాలు, ఎలాంటి మాటలు పుడతాయో చెప్పనక్కర్లేదు. ఆ పిల్ల మాత్రని తలగడ కింద దాచేస్తుంది. మగవాళ్లలో కోరిక తగ్గడం, పటుత్వం పోవడం కూడా ఈ దారిలోనివే. కొత్తగా పెళ్లయిన కుర్రాడు మందు ఎందుకు మానేశాడో అతని తండ్రికి ఎప్పటికీ తెలియదు. ఒక రక్తపరీక్షతో తేలే విషయం, మందు మార్చితే చాలావరకు సర్దుకునే విషయం సిగ్గు వల్ల సంసారాలని కూలుస్తోంది.

ఓలాంజపిన్, క్లోజపిన్ ఆకలిని విపరీతంగా పెంచుతాయి. తింటున్నకొద్దీ చాలదు. బరువు, దాని వెంట షుగరు, కొలెస్టరాల్. మన దక్షిణాసియా వాళ్లకి బొజ్జ పెరిగితే షుగరు త్వరగా వస్తుంది కాబట్టి నడుము చుట్టుకొలత మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటగానే జాగ్రత్తపడాలని చెబుతారు. రెండు పూటలా అన్నం, పొద్దున్నే తరవాణో బోరేబాసీయో తినే ఇళ్లలో ఇది ఎంత వేగంగా పోగవుతుందో ఊహించవచ్చు. మందు మొదలెట్టేముందు బరువు, నడుము, షుగరు రాసుకుని, తర్వాత మూడు నెలలకోసారి చూసుకోవడానికి పెద్ద ఆస్పత్రి అక్కర్లేదు. కొలిచే టేపు ఒకటి, షుగరు పరీక్ష ఒకటి చాలు. బరువు ఎక్కుతుంటే మెట్‌ఫార్మిన్ కలపడం ఇప్పుడు మామూలు వైద్యమే. అమెరికాలో 2005లో ప్రకటించిన క్యాటీ అధ్యయనంలో పాతదైన పెర్‌ఫెనజిన్ ఎక్కువ కొత్త మందులకి ఏమాత్రం తీసిపోలేదు. ఏ మందు ఇచ్చినా రోగుల్లో 74 శాతం మంది పద్దెనిమిది నెలలు నిండకుండానే దాన్ని ఆపేశారు. మానెయ్యడం ఉతై నిర్లక్ష్యం కాదని చెప్పడానికే ఈ అంకె ఇక్కడ రాస్తున్నాను.

భిలాయి వాసులకి ప్రత్యేకంగా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ మందులు శరీరం వేడిని చల్లార్చుకునే శక్తిని దెబ్బతీస్తాయి. ట్రైహెక్సిఫెనిడిల్ తోడైతే చెమట కూడా తగ్గుతుంది. మే నెల ఎండలో, కోక్ ఓవెన్ల దగ్గరో ఫర్నేస్ దగ్గరో పనిచేసే ఠేకా కార్మికుడికి వడదెబ్బ ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువ. మందు వాడుతున్న మనిషికి తీవ్ర జ్వరంతో పాటు ఒళ్లు కర్రలా బిగుసుకుని, తెలివి తప్పుతుంటే అది మలేరియా కాకపోవచ్చు, వడదెబ్బా కాకపోవచ్చు. న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అనే అరుదైన, ప్రాణాంతకమైన ప్రతిచర్య కావచ్చు. మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి, మాత్రల డబ్బా చేత్తో పట్టుకెళ్లాలి. రాత్రి షిఫ్ట్‌లో క్రేన్ నడిపేవాడు, ఎత్తుల మీద పనిచేసేవాడు తన మత్తు సంగతి డాక్టరుకి చెప్పి మందు వేళ మార్పించుకోవాలి. బీడీ, సిగరెట్ పొగ ఓలాంజపిన్, క్లోజపిన్‌లని ఒంట్లోంచి త్వరగా వెళ్లగొడుతుంది. హఠాత్తుగా బీడీ మానేస్తే అదే మోతాదు ఒంట్లో ఎక్కువైపోయి మత్తు ముంచెత్తుతుంది. ఇది పొగ వల్ల జరిగేదే. గుడాఖు, ఖైనీ లాంటి పొగలేని పొగాకు వల్ల ఈ మార్పు రాదు.

కర్మాగారం కట్టిన తరంలో మిగిలినవాళ్లకి ఇప్పుడు ఎనభై దాటాయి. వాళ్లలో మతిమరుపు జబ్బు వచ్చి రాత్రిళ్లు లేచి డ్యూటీకి బయల్దేరే తాతలకి క్వెటియాపిన్, రిస్పెరిడోన్ ఇవ్వడం చాలా ఇళ్లలో జరుగుతోంది. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ మందులు మరణాల్ని పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. పక్షవాతం ముప్పు కూడా ఉంది. తప్పనిసరైతే చిన్న మోతాదులో, కొద్ది వారాలకి మాత్రమే. ఇంట్లోవాళ్లు నిద్రపోవడానికి తాతకి మాత్ర వేయడం తప్పు.

అన్ని మందులూ విఫలమైనవాళ్లు దాదాపు మూడో వంతు ఉంటారు. వాళ్లకి క్లోజపిన్ ఉంది. ఫిన్లాండ్‌లో 1975లో దానివల్ల తెల్ల రక్తకణాలు పడిపోయి ఎనిమిది మంది చనిపోయాక దాన్ని చాలాచోట్ల పక్కన పెట్టేశారు. 1988లో జాన్ కేన్ బృందం, ఏ మందుకీ లొంగని రోగుల్లో ఆరు వారాల్లో క్లోజపిన్‌తో 30 శాతం మంది, క్లోర్‌ప్రోమజిన్‌తో 4 శాతం మంది మెరుగుపడ్డారని చూపించింది. మందు తిరిగి వచ్చింది. విచిత్రమేమిటంటే ఇది డి2 రిసెప్టర్లని మిగతావాటి కంటే తక్కువగా పట్టుకుంటుంది. ఎందుకింత బాగా పనిచేస్తుందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష, తర్వాత దూరం దూరంగా. అందరూ తెల్లకణాల గురించే భయపడతారు గానీ, దీని మలబద్ధకం పేగుల్ని ఆపేసి ప్రాణం తీయగలదని చెప్పేవాళ్లు తక్కువ. ఫిన్లాండ్‌లోనే జారి టీహోనెన్ బృందం ఇరవై ఏళ్ల రికార్డులు చూసి, క్లోజపిన్ వాడినవాళ్లలో మరణాలు అన్ని మందులకంటే తక్కువని 2020లో రాసింది. వారానికో రక్తపరీక్ష చేయించలేక ఈ మందుని అసలు రాయని ఊళ్లు మన దేశంలో ఎన్నో. ఇది నాకు నిజంగా అన్యాయంగా తోస్తుంది.

ఎంతకాలం వాడాలి అన్నదాని మీద వాదం నడుస్తోంది. నెదర్లాండ్స్‌లో వుండరింక్ బృందం 2013లో, మొదట్లోనే మోతాదు తగ్గించినవాళ్లలో ఏడేళ్ల తర్వాత 40 శాతం మంది మామూలు జీవితంలోకి వచ్చారనీ, కొనసాగించినవాళ్లలో 18 శాతమేననీ చూపించింది. అందరూ ఆశపడ్డారు. బ్రిటన్‌లో మందులని గట్టిగా విమర్శించే జోవానా మొన్‌క్రీఫ్ స్వయంగా నడిపిన రాడార్ పరీక్ష 2023లో వెలువడింది. రెండేళ్లలో నెమ్మదిగా తగ్గించినవాళ్ల సామాజిక జీవితం మెరుగుపడలేదు, తీవ్రంగా తిరగబెట్టడం మందు కొనసాగించినవాళ్లలో 13 శాతం ఉంటే వీళ్లలో 25 శాతం ఉంది. రెండూ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఇంతే: తగ్గించడం కొందరికి కుదురుతుంది, ఎవరికన్నది ముందుగా చెప్పలేం, కాబట్టి నెలల తరబడి కొద్దికొద్దిగా, వైద్యుడి కళ్ల ముందు జరగాలి. ఒక్కసారిగా ఆపెయ్యడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి.

స్కిజోఫ్రీనియాకి డి2ని ముట్టుకోకుండా పనిచేసే మొదటి మందు జానొమెలిన్-ట్రోస్పియంకి 2024 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. అది మెదడులో వేరే రసాయన దారి పట్టింది, వికారం, మలబద్ధకం లాంటి తన సొంత ఇబ్బందులతో. పేద ఇంటికి అది అందేదాకా ఉన్న మందులనే సరిగ్గా వాడుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో మన పక్షాన ఉంది. అత్యవసర మందుల జాబితాలోనివి సామాజిక ఆరోగ్య కేంద్రం స్థాయి నుంచి పైదాకా ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇవ్వాలని అది చెబుతోంది. రోగికీ, అతను ఎంచుకున్న ప్రతినిధికీ జబ్బు స్వభావం, చికిత్స, తెలిసిన దుష్ప్రభావాలు వాళ్లకి అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు ఉందని అదే చట్టంలో రాసి ఉంది. హిందీ సరిగా రాని శ్రీకాకుళపు అమ్మకి ఆ హక్కు భిలాయిలోనూ ఉంటుంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు. చీటీ రాసేటప్పుడు అడగవలసినవి ఎక్కువేం లేవు. ఈ మందు ఏ లక్షణానికి? గుణం ఎన్ని వారాల్లో తెలుస్తుంది? కుదురు పోతే, మెడ పట్టేస్తే, నెలసరి ఆగితే, బరువు పెరిగితే ఏం చేయాలి? షుగరు పరీక్ష మళ్లీ ఎప్పుడు? వీటి జవాబులు చీటీ వెనక తెలుగులో రాయించుకుని, తర్వాతి నెల అదే చీటీ పట్టుకెళ్లాలి.